అండమాన్‌లోని నీల్ దీవి, మూడో రోజు: సగం నీళ్లలో, సగం పైన

ఈ రోజు 162 ఫ్రేములు తీశాను. దాచుకోదగ్గది ఒక్కటీ లేదు. నిన్న క్లౌన్ ఫిష్‌లు ఒలింపస్ టీజీ-6తో పావుగంటలో వచ్చేశాయి (మాక్రోకి, అంటే అతి దగ్గరి ఫోటోలకి, చిన్న కెమెరాల్లో నా ఓటు దానికే), లక్ష్మణ్‌పూర్‌లో సూర్యాస్తమయమూ బాగుంది. స్ప్లిట్ షాట్ (ఒకే ఫ్రేములో సగం నీటి కింద, సగం నీటి పైన) మాత్రం లొంగడం లేదు.

భరత్‌పూర్ బీచ్‌లో నడుములోతు నీళ్లు, కాళ్ల కింద ఇసుక. పగడాల మీద నిలబడే ప్రశ్నే లేదు. ఫుల్‌ఫ్రేమ్ బాడీ, 16 మి.మీ. లెన్స్, 15 సెం.మీ. డోమ్ (కెమెరా వాటర్‌ప్రూఫ్ పెట్టెకి ముందుండే అర్ధగోళపు పారదర్శక మూత). కింద మెదడు మడతల్లాంటి పగడం, పైన ఒడ్డున చెట్లు. రెండూ స్పష్టంగా కావాలి.

ఎఫ్8లో (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నదై, స్పష్టంగా వచ్చే దూరాల పరిధి పెరుగుతుంది) పగడం మీద ఫోకస్ పెడితే చెట్లు పచ్చటి ముద్ద, చెట్ల మీద పెడితే పగడం ముద్ద. ఎఫ్16కి దించి, ఆటోఫోకస్ ఆపేసి, అర మీటరు దగ్గర లాక్ చేశాను. చెట్ల ఆకులు తేలాయి. పగడం మడతలు మాత్రం ఇంకా మసకే.

రాత్రి కూర్చుని లెక్క కట్టాను. నీళ్లలో లెన్స్ చూసేది అసలు పగడాన్ని కాదు, డోమ్ ముందు ఏర్పడే మిథ్యా ప్రతిబింబాన్ని. నీటి వక్రీభవన గుణకం 1.33 వేస్తే, డోమ్‌కి మీటరు దూరంలోని పగడం లెన్స్‌కి సుమారు 25 సెం.మీ. దగ్గర ఉన్నట్టే. నా సెట్టింగ్‌లో స్పష్టత 27 సెం.మీ. దగ్గర మొదలవుతుంది. ఆ రెండు సెంటీమీటర్లే కొంప ముంచాయనుకుంటున్నాను! పగడానికి రెండు మీటర్ల దూరానికి జరిగితే లెక్క సరిపోతుంది కానీ, నీళ్లలో తేలే ఇసుక పొడి ఫోటోలో పగడాన్ని పాలిపోయేలా చేసింది. ఎఫ్22 నాకు నచ్చదు, డిఫ్రాక్షన్‌తో (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడంతో) ఫ్రేమంతా మెత్తబడుతుంది.

దీనికి తోడు పైసగంలో నీటి బొట్లు. సరిగ్గా చెట్ల మీదే మూడు మచ్చలు. తుడిస్తే ఇంకా ఎక్కువయ్యాయి. డోమ్‌ని పూర్తిగా ముంచి లేపి, నీటిపొర జారుతుండగానే నొక్కితే నయం. అయితే జానెడు అల వచ్చినా ఈ డోమ్ మునిగిపోతోంది.

20 సెం.మీ. డోమ్ అయితే మీటరు దూరంలోని అదే పగడం లెన్స్‌కి సుమారు 32 సెం.మీ. దూరంలో ఉన్నట్టవుతుంది, అలకూ తట్టుకుంటుంది. ఈసారి అదే తెస్తాను. రేపటికి మాత్రం ఉన్నదానితోనే, ఒకటిన్నర మీటర్ల దూరం ప్రయత్నిస్తాను. ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది 12కి కాదు, పదకొండుంబావు ప్రాంతంలోనే. పదిన్నరకల్లా నీళ్లలో ఉండాలి.