టేబుల్ పేర్లలో పెద్దబడి అక్షరాలు నిలబెట్టుకోవడానికి నాలుగు రోజులు: నా అనుభవం

నిన్న రాత్రే తెమిలింది. కోపం ఇంకా దిగలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాదాపూర్‌లో మా ఆఫీసు. హాస్పిటల్ బిల్లింగ్ ప్రాజెక్టు, డేటాబేస్ మైఎస్‌క్యూఎల్. క్వెరీలు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా రాశారు, అన్నీ ఒకేలా ఉండాలి, క్వెరీల రాత తీరు చూసి సరిదిద్దే ఎస్‌క్యూఎల్‌ఫ్లఫ్ అనే టూల్ పెట్టమన్నారు. పిప్‌తో ఇన్‌స్టాల్ చేయడం అరగంట పని. దాని సెట్టింగులుండే కాన్ఫిగ్ ఫైలు మాత్రం మా లీడ్ వేరే ప్రాజెక్టులోంచి తెచ్చి "ఇదే పెట్టెయ్" అన్నారు. పెట్టేశాను.

పేర్లన్నీ చిన్నబడిలోకి మార్చమని ఆ ఫైల్లో ఒక లైను ఉంది. మా టేబుల్ పేర్లేమో రెండు మూడు మాటలు కలిపినవి, ప్రతి మాటకీ మొదటి అక్షరం పెద్దబడి. పేషెంట్‌విజిట్ అంటే పీ, వీ రెండూ పెద్దవి. క్వెరీలను తనే సరిదిద్దే ఫిక్స్ కమాండ్ కొట్టగానే రెండూ చిన్నవైపోయాయి. నా విండోస్ లాప్‌టాప్‌లో రిపోర్టులన్నీ చక్కగా వచ్చాయి. బుధవారం లీడ్ నా సీటు దగ్గరే నిలబడి చూశారు, బాగుందన్నారు, అందరి కోడ్‌లో మెర్జ్ చేశాం.

గురువారం క్లయింట్ కాల్. తొమ్మిదిమందిమి. టెస్ట్ సర్వర్‌లో మొదటి రిపోర్టు తెరిస్తే ఎర్రగా ఎర్రర్ 1146, ఆ టేబుల్ లేదని. రెండోదీ అంతే. మూడోదీ అంతే. పక్క విండోలో అదే టేబుల్ రికార్డులు కనబడుతూనే ఉన్నాయి. లీడ్ అందరి ముందూ "లోకల్‌లో కూడా చూసుకోకుండా పంపితే ఎట్లా?" అన్నారు. ముందురోజు తన కళ్లతో చూసిన మనిషి ఆ మాట అనేసరికి నాకు నోరు పెగల్లేదు. మధ్యాహ్నం అన్నం కూడా సహించలేదు.

కారణం ఆ రాత్రి దొరికింది. మైఎస్‌క్యూఎల్‌లో టేబుల్ అంటే డిస్క్ మీద ఫైలు. లైనక్స్ ఫైలు పేర్లలో పెద్దబడి చిన్నబడి తేడా చూస్తుంది, విండోస్ చూడదు. లోయర్ కేస్ టేబుల్ నేమ్స్ అనే సెట్టింగ్ లైనక్స్‌లో మామూలుగా 0 (తేడా చూస్తుంది), విండోస్‌లో 1 (చూడదు). కాలమ్ పేర్లకు ఎక్కడా ఈ పట్టింపు లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. డేటాబేస్ చూసుకునే డీబీఏ సర్‌ని అడిగాను, సర్వర్‌లో కూడా 1 పెట్టండి సర్ అని. వెర్షన్ 8.0 నుంచి సర్వర్‌ని మొదట ఇనిషియలైజ్ చేసేటప్పుడు తప్ప దాన్ని మార్చడం కుదరదన్నారు.

శుక్రవారం కాన్ఫిగ్‌లోని ఆ చిన్నబడి లైను తీసేసి, పాత ఫైళ్లు వెనక్కి తెచ్చి మళ్లీ ఫిక్స్ కొట్టాను. మళ్లీ పీ, వీ చిన్నవే! రోజంతా దీనికే పోయింది. లైను తీసేస్తే పేర్ల జోలికి రాదనుకున్నా. కానీ మనం ఏమీ చెప్పకపోతే ఆ టూల్ "కన్సిస్టెంట్" పద్ధతి పట్టుకుంటుంది: ఫైల్లో ముందు వచ్చిన పేరు ఏ బడిలో ఉంటే మిగతావీ ఆ బడిలోకే. మా క్వెరీలన్నీ చిన్నబడిలో ఉన్న ఐడీ అనే కాలమ్ పేరుతోనే మొదలు. ఉన్నది ఉన్నట్టు వదిలెయ్ అని చెప్పాలంటే కాన్ఫిగ్‌లో ఎక్స్‌క్లూడ్ రూల్స్ (వాడొద్దన్న రూల్స్) దగ్గర సీపీ02 రాయాలి, పేర్ల బడి చూసే రూలు అదే. 2023లో ఎస్‌క్యూఎల్‌ఫ్లఫ్ 2.0 వెర్షన్ రాకముందు దీని పేరు ఎల్014, నెట్‌లో పాత జవాబులు చదివి తికమక పడకండి. సెలెక్ట్, ఫ్రమ్ లాంటి కీవర్డ్‌లను చూసేది సీపీ01, దాన్ని ఉంచుకోవచ్చు. బ్యాక్‌టిక్ గుర్తుల (`) మధ్య ఉన్న పేర్లను సీపీ02 అసలు ముట్టుకోదు.

తెలుగులో అక్షరానికి పెద్దా చిన్నా లేదు. అందుకేనేమో మనవాళ్లలో చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. కాదండీ, అది పేరులో భాగం. ఒకరు పెట్టిన పేరును అడగకుండా మార్చే హక్కు ఏ టూల్‌కీ లేదు.

వేరే ప్రాజెక్టు కాన్ఫిగ్ ఎవరిచ్చినా తీసుకోకండి, లీడ్ ఇచ్చినా సరే. ఫిక్స్ కంటే ముందు, ఏదీ మార్చకుండా తప్పులు మాత్రమే చూపించే లింట్ కమాండ్ కొట్టి ఏమేం మారబోతున్నాయో చదవండి. విండోస్ లాప్‌టాప్ ఇస్తే డాకర్‌లో (లాప్‌టాప్‌లోనే లైనక్స్ ప్రోగ్రాములు విడిగా నడిపే టూల్) లైనక్స్ మైఎస్‌క్యూఎల్ పెట్టుకుని దాని మీదే చూడండి.

శనివారం రాత్రి టెస్ట్ సర్వర్‌లో అన్ని రిపోర్టులూ తెరుచుకున్నాయి. పక్క టీం వాళ్లు అప్పుడే నా కాన్ఫిగ్ ఫైలు అడిగి తీసుకున్నారు. ఆ కాల్‌లో ఉన్నవాళ్లకు మాత్రం తప్పు ఎక్కడ జరిగిందో ఇంకా ఎవరూ చెప్పలేదు. సోమవారం పదకొండింటికి మళ్లీ అదే కాల్, ఆ ఫైలు స్క్రీన్ మీద పెట్టి నేనే చెప్తాను.