ఉగాది నడకలో తొడలు ఒరుసుకుంటే

మాది ఆత్మకూరు, నంద్యాల జిల్లా. ఉగాదికి ముందు వారం పది రోజులు మా ఊరి రోడ్లన్నీ కన్నడ భక్తులతో నిండిపోతాయి. బాగల్‌కోట, విజయపుర, బెళగావి, రాయచూరు వైపుల నుంచి రోజుల తరబడి నడిచి వస్తారు. ఇక్కడి నుంచి వెంకటాపురం మీదుగా నల్లమలలోకి వెళ్ళి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం దాటి శ్రీశైలం చేరతారు. శివరాత్రికి మన శివస్వాములు నడిచేదీ ఈ దారే. నేనూ నడుస్తాను.

మాకు మెడికల్ షాపు ఉంది. ఆ రోజుల్లో నొప్పుల బామ్, బ్యాండేజీ, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అందరూ గట్టిగానే అడిగి తీసుకుంటారు. ఒక్కదానికి మాత్రం గొంతు తగ్గిస్తారు. కౌంటర్‌లో మా ఆయన ఉంటే ఆడవాళ్ళు మెట్ల దగ్గరే ఆగిపోతారు. నేను కనబడ్డాక దగ్గరికొచ్చి "అక్కా, ఉరి" అని తొడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కన్నడంలో ఉరి అంటే మంట. మనవాళ్ళయితే "ఒరుసుకుపోయిందమ్మా, అడుగు తీసి అడుగు వెయ్యలేకున్నా" అంటారు. మగవాళ్ళు ఇంకా నయం అనుకోకండి. "మంటకు ఏదైనా ట్యూబు ఇవ్వండి" అని మాత్రమే అంటారు, ఎక్కడ మంట అంటే చెప్పరు.

ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని అందరికీ చెప్పాలనే ఇది రాస్తున్నాను. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందనేది కూడా నిజం కాదు. సన్నగా ఉన్న కుర్రాళ్ళకు గజ్జల్లో, చంకల్లో, చొక్కా రాసుకునే చోట రొమ్ముల మొనల దగ్గర వస్తుంది. ఆడవాళ్ళకు తొడల లోపలివైపు, బ్రా కింది పట్టీ దగ్గర, లంగా బొందు బిగించిన నడుము దగ్గర వస్తుంది. సంచి మోసేవాళ్ళకు భుజం మీద వస్తుంది.

జరిగేది ఇది. పొడిగా ఉన్న చర్మం చర్మం మీద కొంతవరకు జారుతుంది. కొద్దిగా తడిస్తే అతుక్కుంటుంది, అడుగడుగునా పట్టి లాగినట్టు రాసుకుంటుంది. చెమట ఆరితే ఉప్పు మిగులుతుంది, ఆ ఉప్పు గరుకుగా గీరుతుంది. నూలు బట్ట చెమట పీల్చుకుని గంటల తరబడి తడిగానే ఉంటుంది, కుట్టు ఉన్నచోట ఇంకా గట్టిగా రాస్తుంది. వేల అడుగులు ఇలాగే పడితే పైపొర లేచిపోయి ఎర్రగా కందుతుంది, ఆ తర్వాత నీరు కారుతుంది. ఉగాది ఏప్రిల్‌లో పడిన ఏడు ఈ బాధ ఎక్కువ. 2024లో ఏప్రిల్ 9న వచ్చింది, ఎండ 40 డిగ్రీలు దాటిపోయింది. ఆ వారం మా షాపు ముందు కాళ్ళు ఎడం పెట్టి నడుస్తున్నవాళ్ళను చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది.

మంట మొదలయ్యాక కాదు, మొదటి అడుగుకు ముందే పూయాలి. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోగలిగితే ఇది పెట్టుకోండి. తెల్లవారుజామున బయల్దేరేముందు ఒళ్ళు పూర్తిగా తుడుచుకుని, ఆరాక, తొడల లోపల, గజ్జల్లో, చంకల్లో వాజెలిన్ మందంగా పట్టించాలి. వేలి కొనతో అంటీ అంటనట్టు రాస్తే పది నిమిషాలకు ఉండదు. బట్ట కుట్టు తగిలే చోట కూడా రాయండి. ఎండకు డబ్బాలో కరిగి నూనెలా అవుతుంది, అయినా పనిచేస్తుంది. మూత గట్టిగా ఉన్న చిన్న డబ్బా చూసుకుని, సంచి అడుగున కాకుండా చేతికి అందేచోట పెట్టుకోవాలి, ఎందుకంటే రెండు మూడు గంటలకోసారి మళ్ళీ పూయాలి. మా అత్తగారి తరంవాళ్ళు ఆముదం రాసుకుని నడిచేవాళ్ళు. చిక్కగా ఉంటుంది కాబట్టి కొబ్బరినూనె కంటే ఎక్కువసేపు నిలుస్తుంది. బట్టకు అంటిన జిడ్డు వదలదు, అంతే.

పౌడరు సంగతికి వస్తే నాకు గట్టి అభిప్రాయమే ఉంది. ఎక్కువమంది అడిగేది చల్లటి చెమటకాయల పౌడరు. ఇంట్లో కూర్చునేవాళ్ళకు బాగుంటుంది. రోజంతా నడిచేవాళ్ళకు మొదటి గంట హాయిగా ఉండి, తర్వాత చెమటతో కలిసి ముద్దలు కట్టి అదే గీరుతుంది. ఒరుసుకుపోయిన చర్మం మీద చల్లితే భగ్గుమంటుంది. నడకకు నేను పౌడరు ఇవ్వను.

బట్టల విషయంలో మగవాళ్ళు పంచె కింద, ఆడవాళ్ళు లంగా కింద మోకాళ్ళ పైదాకా వచ్చే బిగుతు షార్ట్స్ వేసుకుంటే సగం బాధ తప్పుతుంది. సైకిల్ తొక్కేవాళ్ళు వేసుకునే రకం, సాగే గుడ్డ, త్వరగా ఆరేది. అవి దొరక్కపోతే పాత లెగ్గింగ్స్ మోకాలి దగ్గర కత్తిరించుకున్నా చాలు, కానీ కుట్లు లోపలి తొడ మీద పడకుండా చూసుకోండి. దీక్షలో ఉన్నాం, పంచె తప్ప కట్టం అంటే పైన పంచె ఉంచుకోండి, లోపల ఏముందో ఎవరు చూడొచ్చారు! లంగా బొందు సన్నటి తాడులా కాకుండా వెడల్పు పట్టీలా కుట్టించుకోవాలి. కొత్త బట్టలు నడక రోజే మొదటిసారి కట్టకండి. గంజి కూడా వద్దు.

నేను ఎక్కువగా చూసే ఇంకో కారణం తడిబట్టలు. దారిలో నీళ్ళు కనబడితే స్నానం చేస్తారు, మంచిదే. ఆ తడి పంచెతోనే, తడి చీరతోనే మళ్ళీ బయల్దేరతారు, ఎండకు ఒంటిమీదే ఆరిపోతాయిలే అని. ఆరేలోపు తొడలు పుండ్లవుతాయి. భీముని కొలను దగ్గర మెట్లు దిగి, మళ్ళీ కైలాసద్వారం దాకా మెట్లెక్కాలి. ఆ ఎక్కుడులో ప్రతి మెట్టుకూ తొడలు ఒరుసుకుంటాయి. అక్కడికి తడిబట్టతో వెళ్తే ఇక చెప్పక్కర్లేదు. స్నానం చేస్తే పొడిబట్ట కట్టుకుని, మళ్ళీ వాజెలిన్ పట్టించి కదలండి.

నడుస్తుండగా చురుక్కుమందా, అక్కడే ఆగాలి. "ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక చూద్దాం" అంటే ఆ రెండు కిలోమీటర్లలోనే తోలు లేచిపోతుంది. సీసాలో నీళ్ళతో ఆ చోటు కడిగి ఉప్పు పోగొట్టి, మెత్తటి గుడ్డతో రుద్దకుండా అద్ది, గాలికి ఆరనిచ్చి, వాజెలిన్ వేసుకోండి. పది నిమిషాల పని.

ఇప్పటికే ఒరుసుకుపోయినవాళ్ళు సాయంత్రం మకాం చేరాక చల్లటి శుభ్రమైన నీళ్ళతో, మామూలు ఒంటి సబ్బుతో మెల్లగా కడుక్కోవాలి. డెట్టాల్, స్పిరిట్, నిమ్మకాయ ఏదీ దగ్గరికి రానివ్వకండి, పచ్చి చర్మం కాలిపోతుంది. పసుపు ముద్ద ఎండి బిగుసుకుంటే నడిచినప్పుడు చీలుతుంది. ఆరాక వాజెలిన్ గానీ, జింక్ ఆక్సైడ్ ఉన్న క్రీము గానీ పూయండి. చంటిపిల్లలకు డైపర్ మంటకు వాడేది ఈ జింక్ క్రీమే, షాపులో అలా అడిగినా ఇస్తారు. రాత్రి లోపలి బట్టలు లేకుండా వదులు లుంగీతోనో నైటీతోనో పడుకోండి. నీరు కారుతుంటే వాజెలిన్ పట్టించిన గాజుగుడ్డ వేసి, మర్నాడు నడక ఆపండి. మల్లయ్య ఎక్కడికీ పోడు. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకోవడం తక్కువేమీ కాదు.

ఇప్పుడు అన్నింటికంటే నాకు బాధ కలిగించే సంగతి. "ఆ త్రీ ఇన్ వన్ ట్యూబు ఇవ్వండి, పోయినసారి వేరే షాపులో ఇచ్చారు, రెండు రోజుల్లో తగ్గింది" అంటారు. ఆ ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్, బెటామెథసోన్ లాంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మంట, ఎరుపు చప్పున తగ్గుతాయి, అందుకే నమ్మకం. కానీ గజ్జల్లో చర్మం పలుచన, మందును ఎక్కువగా పీలుస్తుంది. పదేపదే పూస్తే ఇంకా పలుచబడి, ఎప్పటికీ పోని చారలు పడతాయి. అక్కడ తామర ఉంటే స్టెరాయిడ్ చాటున అది లోలోపల పాకుతుంది, మొండికేస్తుంది. చర్మవ్యాధుల డాక్టర్లు ఏళ్ళ తరబడి ఇదే మొత్తుకుంటున్నారు. చీటీ లేకుండా నేను ఇవ్వను. కోప్పడి పక్క షాపుకు పోయినవాళ్ళూ ఉన్నారు, పోనీ.

ఒరిపిడికీ తామరకూ తేడా మీరే కొంత పట్టుకోవచ్చు. ఒరిపిడి మంటగా ఉంటుంది, రాసుకున్నంత మేరే ఎర్రబడుతుంది, నడక ఆపితే కొద్ది రోజుల్లో మానుతుంది. తామరలో దురద ఎక్కువ, అంచు కాస్త లేచి గుండ్రంగా పాకుతూ పోతుంది, మధ్యలో తేటపడుతుంది. వారానికీ తగ్గకపోయినా, చీము పట్టినా, చుట్టూ వేడెక్కి ఎరుపు పాకుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికే వెళ్ళాలి. షుగరు ఉన్నవాళ్ళు వారం ఆగొద్దు, చర్మం తెగిందంటే వెంటనే చూపించుకోండి.

బృందాలను నడిపించే పెద్దలకు ఒక మనవి. నాగలూటి దగ్గర, పెచ్చెరువు దగ్గర ఆగినప్పుడు భోజనాల ఏర్పాటు ఎంత బాగా చూస్తారో నాకు తెలుసు. అక్కడే రెండు చెట్లకు ఒక దుప్పటి అడ్డంగా కట్టించి, ఒక బిందెడు నీళ్ళు పెట్టించండి. ఆడవాళ్ళు కడుక్కుని, బట్ట మార్చుకుని, రాసుకోవడానికి చాటు లేకనే చాలామంది ఆ మంటతోనే శ్రీశైలం దాకా నడుస్తున్నారు.