నిరాధార, నిరాదరణ, నిరాశ్రయ: మార్కులు ఎక్కడ పోతున్నాయంటే

టెట్‌లో, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్షలో, మొదటి భాషకు 30 మార్కులు. వాటిలో పదాల అర్థాలు తేలికేనని చివరికి నెట్టేస్తుంటాం. ఫ్రెండ్స్, 'నిరాధార' అనే ఒక్క విశేషణాన్ని పూర్తిగా విప్పి చూడండి, దాని చుట్టూ ఎన్ని బిట్లు తిరుగుతాయో తెలుస్తుంది.

ముందు 'ఆధారం' పట్టుకోండి. పట్టి నిలిపేది అని దీని భావం. పందిరికి గుంజ ఆధారం, ఇంటికి సంపాదించే మనిషి ఆధారం, కేసుకు సాక్ష్యం ఆధారం. అందుకే 'నిరాధారమైన ఆరోపణ'లో లేనిది రుజువు. 'నిరాధారులైన వృద్ధుల'కు లేనిది పోషించే దిక్కు. ఆప్షన్లలో రెండర్థాలూ ఇస్తే వాక్యం చదవకుండా గుర్తించకండి.

ఎక్కువమంది దొరికిపోయేది సంధి దగ్గర. 'రా' దీర్ఘం కనబడగానే సవర్ణదీర్ఘం (ఒకే రకం అచ్చులు రెండు కలిసి దీర్ఘమయ్యే సంధి) అని పెట్టేస్తారు. ఆ దీర్ఘం 'ఆధారం'లో ముందే ఉంది కదా! నిః + ఆధారం. విసర్గ (ః) తర్వాత అచ్చు రావడంతో దాని చోట రేఫ (ర్) వచ్చింది, కాబట్టి విసర్గ సంధి. అనుమానముంటే నిః + అంతరం = నిరంతరం పక్కన పెట్టుకోండి, అక్కడ దీర్ఘమే లేదు. తర్వాత సకారం వస్తే అదే విసర్గ 'స్' అవుతుంది: నిస్సహాయ. స + ఆధారం = సాధారం మాత్రం సవర్ణదీర్ఘమే. ఆధారంతో కూడినది అని అర్థం, 'సాధారణం'తో కలిపేయకండి.

ఇక ఒత్తులు. నిరాధారంలో ధ, నిరాదరణలో ద. మొదటిదానికి మూలం 'ధృ' ధాతువు (క్రియకు మూలరూపం), పట్టి ఉంచడం. రెండోది 'దృ', ఆదరించడం. 'అనాథ'లో థ, ఎందుకంటే అది అ + నాథ, కాపాడే నాథుడు లేని అని. 'అనాధ' ఎంత అలవాటైపోయిందంటే, పరీక్షలో సరైన రూపమే తప్పులా కనిపిస్తుంది.

వాక్యంలో 'నిరాధారమైన ఆరోపణలు', 'నిరాధార ఆరోపణలు' రెండూ సరే. 'నిరాధారం ఆరోపణలు' కుదరదు. 'ఆధారాలు లేని నిరాధార ఆరోపణలు' పునరుక్తి దోషం, చెప్పిందే మళ్లీ చెప్పడం. వాక్యంలో తప్పు గుర్తించమన్నప్పుడు చాలామంది కంటికి ఆనదు.

నోట్సులో ఈ పదాల ఎదుట పర్యాయపదాలు రాసుకోకండి, అన్నీ ఒకేలా కలగాపులగమైపోతాయి. ఏది లేదో అది రాసుకోండి: నిరాశ్రయ – తలదాచుకునే చోటు, నిస్సహాయ – సాయం, అనాథ – కాపాడే మనిషి, నిరాదరణ – ఆప్యాయత. నిరాధార ఎదుట మాత్రం రెండు: రుజువు, పోషణ.