పెన్సిల్ ముద్ర

నల్లగొండలో దేవరకొండ రోడ్డు మీది మెకానిక్ షెడ్డులో చేరిన మొదటి నెలలో ఉస్తాదు నాకు అప్పజెప్పిన పని పెన్సిల్ ముద్రలు తీయడం. బండి చేతులు మారినా, దాని మీద ఫైనాన్సు తీసుకున్నా, ఆర్టీఓ ఆఫీసుకు ఇచ్చే కాగితాలకు, బండి ఇనుము మీద కొట్టి ఉండే ఛాసిస్ నంబరు ముద్రను జతచేసేవాళ్లం. జీపు కింద వెల్లకిలా పడుకొని, పేరుకున్న గ్రీజును కిరోసిన్ గుడ్డతో తుడిచి, పలుచని కాగితాన్ని బొటనవేలితో అదిమిపట్టి, పెన్సిల్‌ను పక్కకు వాల్చి రుద్దుతుంటే నల్లని మెరుపులో తెల్లని అంకెలు ఒక్కొక్కటిగా తేలి వచ్చేవి. కాగితం వెంట్రుకవాసి కదిలినా 3 కాస్తా 8 లాగా కనిపిస్తుంది. ఏపీ 24 బండ్ల మీద నేర్చుకున్న ఆ పనే 2009లో షార్జా చేరాక నాకు అన్నం పెట్టింది.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలోని మా గ్యారేజీలో పాత కార్లను విప్పి, బాగుచేసి, పుట్టినప్పటి రూపానికి తెచ్చేవారు. మొదటి ఏడాది నేనొక తప్పు చేశాను. రేడియేటర్ పైనుండే అడ్డపట్టీ మీది చిన్న అల్యూమినియం ప్లేటు మురికిగా ఉందని వైరు బ్రష్‌తో రుద్దాను. మురికితోపాటు అక్షరాలూ పోయాయి. అక్కడి పెద్ద మేస్త్రీ కేరళ మనిషి. ఆయన నన్ను తిట్టలేదు గానీ, ఆ ప్లేటును చాలాసేపు వెలుతురుకు వాల్చి చూస్తూ ఉండిపోయాడు. ఇంజను మళ్లీ దొరుకుతుంది, తలుపు దొరుకుతుంది, ఆ కారుకు ఫ్యాక్టరీలో కొట్టిన ప్లేటు మాత్రం ఇక దొరకదు. ఆనాటి నుంచి నేను ప్లేటును ముట్టుకుంటే సబ్బునీళ్లు, మెత్తటి టూత్‌బ్రష్షు తప్ప మరొకటి వాడలేదు.

మా దగ్గరికి ఎక్కువగా వచ్చినవి మెర్సిడెస్ 123 వరుస కార్లు. 1976లో మొదలై పదేళ్లపాటు సుమారు 27 లక్షల బండ్లు తయారయ్యాయి కనుక గల్ఫ్ అంతటా అవి కనిపిస్తాయి. వాటి ఛాసిస్ నంబరు చదవడం వచ్చినవాడికి కారు తన జాతకం తానే చెబుతుంది. ఉదాహరణకు నంబరు 123.033తో మొదలైతే అది 280 ఈ సెడాన్, 123.123 అయితే డీజిల్ 240 డీ, 123.130 అయితే 300 డీ. ఆ తర్వాత వచ్చే రెండంకెలను చాలామంది పట్టించుకోరు గానీ నాకు అవే ముఖ్యం. వాటిలో మొదటిది 1 అయితే స్టీరింగ్ ఎడమవైపు, 2 అయితే మన దేశంలో లాగా కుడివైపు. రెండోది 0 అయితే చేతి గేర్లు, 2 అయితే ఆటోమేటిక్. అంటే 12 అని ఉన్న కారులో మామూలు గేరు కర్ర కనిపిస్తే, మధ్యలో ఎవరో గేర్‌బాక్సు మార్చారని బానెట్ మూయకముందే తెలిసిపోతుంది.

17 స్థానాల ఛాసిస్ నంబరు వచ్చాక యూరప్ కార్లలో ఈ వరుస కొంచెం మారింది. మొదట జర్మనీనీ కంపెనీనీ తెలిపే డబ్ల్యూ, డీ, బీ అనే మూడక్షరాలు, తర్వాత ఆరంకెల మోడల్, తర్వాత స్టీరింగ్ అంకె, ఆపైన ఫ్యాక్టరీ అక్షరం, చివర ఆరంకెల వరుస సంఖ్య ఉంటాయి. ఫ్యాక్టరీ అక్షరం ఏ అయితే స్టుట్‌గార్ట్ దగ్గరి సిండెల్‌ఫింగెన్, ఎఫ్ అయితే బ్రెమెన్. అమెరికా 1981 మోడళ్ల నుంచి తప్పనిసరి చేసిన పద్ధతిలో మాత్రం తొమ్మిదో స్థానం మిగతా నంబరు సరైనదో కాదో తేల్చే తనిఖీ అంకె, పదో స్థానం మోడల్ సంవత్సరం. ఈ రెండు పద్ధతులనూ కలిపేయడం వల్ల జరిగే పొరపాటును నేను కళ్లారా చూశాను. ఒక బీమా కార్యాలయంలో గుమస్తా నంబరును కంప్యూటర్‌లో కొట్టి, కారు 2001 మోడల్ అని కాగితం మీద అచ్చువేసి ఇచ్చాడు. యూరప్ వరుసలో పదో స్థానంలో ఉండేది ఎడమచేతి స్టీరింగ్‌ను తెలిపే 1. దాన్ని అమెరికా పద్ధతిలో చదివితే 2001 అవుతుంది, కుడిచేతి స్టీరింగ్ కారైతే 2002 అవుతుంది. ఆ తయారీ 1986లోనే ఆగిపోయిందని వివరించి, ఆ ఒక్క అంకెను సరిచేయించుకోవడానికి యజమాని వారం రోజులు తిరిగాడు.

అలాంటి తిరుగుడు ఎంత కష్టమో నాకు తెలుసు. నా వీసా మీద ఇంటిపేరులో ఒక అక్షరం తప్పుపడింది. ఉద్యోగం ఇప్పించిన ఏజెంటు దాన్ని పట్టించుకోలేదు. నేను నేనేనని పాస్‌పోర్టు చేతిలో పట్టుకొని మూడు కౌంటర్ల దగ్గర చెప్పుకోవాల్సి వచ్చింది, తొలి రెండు జీతాలు ఆలస్యంగా చేతికి అందాయి. ప్లేటు మీద ఒక అంకె అనుమానంగా కనిపిస్తే, ఎంత పొద్దుపోయినా దాన్ని తేల్చకుండా నేను ఇంటికి వెళ్లకపోవడానికి అదొక కారణం.

అక్కడ చూసిన కార్లలో నా మనసులో నిలిచిపోయింది ఒక తెల్లని 280 ఈ. అది ఇద్దరు అన్నదమ్ములకు తండ్రి నుంచి వచ్చిన కారు. దానికి మొదటి రంగు వేయించాలన్నది వాళ్ల కోరిక. అన్న అది ఎప్పుడూ తెల్లదేనన్నాడు. తమ్ముడు మాత్రం చిన్నప్పుడు వెనక సీటు ఎక్కుతూ నీలం రంగు తలుపు పట్టుకున్నట్టు గుర్తుందన్నాడు. రేడియేటర్ పట్టీ మీది ప్లేటును తడిపి తుడిస్తే పెయింటు కోడు 904 అని తేలింది, అంటే ముదురు నీలం. ప్లేటును మార్చి ఉండవచ్చు కనుక నేను అక్కడితో ఆగలేదు. రివిట్లు చూశాను. పాత ప్లేటుకు కొత్త రివిట్లు మెరుస్తూ కనిపిస్తే దాన్ని ఒకసారి పీకి పెట్టినట్టే లెక్క. ఇక్కడి రివిట్ల తలల మీద ప్లేటు మీదున్న మసకే ఉంది. ఆ తర్వాత ఇంజన్‌కూ లోపలి సీట్లకూ మధ్యనున్న ఫైర్‌వాల్ మీద కొట్టిన ఛాసిస్ నంబరుకు నల్లగొండ పద్ధతిలో పెన్సిల్ ముద్ర తీశాను. నంబరును చెరిపి మళ్లీ కొట్టి ఉంటే చుట్టూ గ్రైండర్ గీతలు కాగితం మీదికి వస్తాయి, కంటికి కనిపించనివి కూడా పెన్సిల్‌కు దొరుకుతాయి. అలాంటివేమీ రాలేదు.

చివరికి వాళ్ల తండ్రి పుస్తకాల సంచీలో భద్రంగా దాచిన డేటా కార్డు బయటికి వచ్చింది. ఫ్యాక్టరీలో ఆ ఒక్క కారు కోసమే నింపిన కార్డు అది. ఛాసిస్, ఇంజను, గేర్‌బాక్సు నంబర్లు, రంగు, సీటు గుడ్డ, అదనంగా అమర్చినవన్నీ అందులో కోడులుగా ఉంటాయి. 420 అంటే ఆటోమేటిక్ గేరు, 440 అంటే వేగాన్ని నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్, 466 అంటే సెంట్రల్ లాకింగ్, 580 అంటే ఏసీ. ఇంజన్ నంబరు 110.984తో మొదలై కార్డుతో చివరి అంకె వరకూ సరిపోయింది. రంగు గడిలో 904. తలుపు లోపలి అట్టను విప్పి చూస్తే, తెల్ల రంగు అందని మూలలో అరచేతంత మేర ముదురు నీలం తళతళలాడుతూ కనిపించింది. తమ్ముడు దాన్ని వేలితో ముట్టుకొని, ఏమీ మాట్లాడకుండా అన్న వైపు చూశాడు.

టొయోటా ల్యాండ్ క్రూయిజర్ల సంగతి వేరు. ఎఫ్‌జే 40 అనే పేరులో ఎఫ్ ఇంజను వంశానిదే అయినా, 1975 నుంచి వచ్చిన 4.2 లీటర్ల 2ఎఫ్ ఇంజన్ బండ్లకూ అదే పేరు నడిచింది కనుక ప్లేటు మీది పేరును బట్టి ఇంజన్ ఏదో తేల్చకూడదు. పైగా ఆ ప్లేట్లకు నకళ్లు డబ్బులిస్తే దొరుకుతాయి. ముందు కుడి చక్రం వైపు ఫ్రేమ్ మీద కొట్టిన నంబరే నమ్మదగినది, అదీ సముద్రపు తేమకు తుప్పుపట్టి తినేయకుండా ఉంటే.

మొన్నటి సెలవులో ఊరికి వచ్చినప్పుడు మిర్యాలగూడ నుంచి ఒక రైస్‌మిల్లు సేటు కబురు పంపాడు. ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసిన ఆయన మేనమామ తిరిగి వస్తూ తెచ్చుకున్న 240 డీ వాళ్లింట్లో ఉంది. ఛాసిస్ 123.123, తర్వాత 20, అంటే కుడి స్టీరింగ్, చేతి గేర్లు. కారులో ఉన్నదీ అదే. ఆర్.సి. బుక్కులో ఇంజన్ నంబరు 616.912తో మొదలైంది. ఆ కారుకు ఫ్యాక్టరీలో పెట్టింది ఓఎం 616 అనే డీజిల్ ఇంజన్ కనుక అదీ సరైనదే. బానెట్ ఎత్తితే ఇంజన్ కూడా ఆ వంశానిదే అనిపించింది గానీ, బ్లాకు మీద 616.912 అన్న వరుస ఎక్కడా లేదు. మన దగ్గర టెంపో బండ్లలో ఆ మెర్సిడెస్ డీజిల్ ఇంజన్‌నే లైసెన్సు మీద తయారుచేసి వాడారు కనుక, పాత కారుకు దాన్ని బిగించడం మన మెకానిక్‌లకు పెద్ద కష్టం కాదు.

"ఇంజన్ మార్చినట్టు ఆర్.సి.లో ఎక్కించలేదు సేటూ. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఎక్కించాలి" అన్నాను.

"సామాన్లు దొరకక మామ మార్పించిండు. పాతది పారేయనియ్యలేదు మరి" అన్నాడాయన.

గోదాములో గోనెసంచుల వెనక, ఊకదుమ్ము కప్పుకొని పాత ఇంజన్ బ్లాకు ఉంది. నేను కిరోసిన్ గుడ్డ అడిగాను. సేటు మనవడు తన జామెట్రీ బాక్సులోంచి పెన్సిల్ తెచ్చాడు. కాగితాన్ని వాడి బొటనవేలితోనే అదిమిపట్టమని చెప్పి రుద్దడం మొదలుపెట్టాను. ముందు 616 వచ్చింది, తర్వాత 912, తర్వాత 20. మిగిలిన అంకెలను వాడు ఒక్కొక్కటిగా పైకి చదువుతుంటే సేటు ఆర్.సి. బుక్కు మీద వేలు జరుపుతూ ఒక్కో అంకెకు "ఉన్నది" అంటూ పోయాడు.