అక్కడ ఖర్చులు తక్కువేగా!

నిద్ర పట్టట్లేదు. ఉద్యోగం ఆఫర్ వచ్చింది, సంతోషమే. అత్తమ్మ అప్పుడే నాలుగిళ్లలో చెప్పేసింది కూడా. నన్ను తొలుస్తున్నది మాత్రం జీతం మాటొచ్చినప్పుడు ఫోన్లో ఆ హెచ్చార్ అమ్మాయి అన్న ఒక్క ముక్క. "మీరు అనంతపురం నుంచే చేస్తారు కదా మ్యామ్, అక్కడ ఖర్చులు తక్కువేగా!"

తక్కువే తల్లీ, అయితే? క్లయింటుకు బిల్లు వేసేటప్పుడు "ఈమెకు సొంతిల్లుంది, సప్తగిరి సర్కిల్ దగ్గర దోసె చవక" అని తగ్గించి వేస్తారా? కరెంటు పోతే ఇన్వర్టరు నాది, నెట్ బిల్లు నాది. బెంగళూరులో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినా అవే బగ్గులు గదా దొరికేది!

పైగా ఏడాదికి 9 లక్షలంటే ఇంట్లో అందరూ నెలకు 75 వేలనుకుంటున్నారు. కాగితం చదివితే గదా. అందులో 90 వేలు వేరియబుల్, ఇస్తే ఇచ్చినట్టు. కంపెనీ కట్టే పీఎఫ్ నెలకు 1,800, అదీ నా లెక్కలోనే. బేసిక్‌లో 4.81 శాతం గ్రాట్యుటీ, ఐదేళ్లు పనిచేస్తేగానీ కంటికి కనబడదు. నా వాటా పీఎఫ్, వృత్తి పన్ను 200 పోను చేతికొచ్చేది 62 వేల లోపే. ఇదంతా చెప్తే మా ఆయన "బయట ఉన్నోళ్లనే పీకేస్తాండారు, ఇచ్చినకాడికి తీసుకోరాదా" అని అటు తిరిగి పడుకున్నాడు. ఈయనే కొత్తిమీర కొసరు వేయించుకోనిదే కూరగాయల బండి దగ్గర్నుంచి కదలడు.

చిన్నప్పుడు తాతతో ఎద్దుల సంతకు పోయేదాన్ని. దలాలి, తాత తువ్వాల కింద చేతులు పెట్టి వేళ్లు పట్టుకునేవాళ్లు. ఎంతకు పోతోందో పక్కనున్న మాకెవరికీ తెలిసేది కాదు. దలాలి నోరు మాత్రం ఊరుకునేది కాదు. కొమ్ము వంకర, నడక మందం, పళ్లు చూస్తే వయసు మళ్లింది... నాకు ఏడుపొచ్చేది. తాత మొహంలో ఏ మార్పూ ఉండేది కాదు. వచ్చేటప్పుడు దారిలో అనేవాడు, "వంక పెట్టేటోడే కొంటాడు పాపా, వొద్దనుకున్నోడు చూసి పోతాడు."

ఇది గుర్తొచ్చాక ఆ పిల్ల మీద కోపం సగం దిగింది. ఖర్చులు తక్కువనడం కూడా కొమ్ము వంకరనడమేనేమో. వాళ్లకు మనిషి కావాలి, అంతే.

కానీ తాతకు ఆ ధీమా ఎక్కడిది? బేరం కుదరకపోతే ఎద్దుల్ని తోలుకొని ఇంటికొచ్చేయొచ్చు. వానల్లేక మేత అయిపోయిన ఏడు అదే తాత, అవతలివాడు చెప్పిన రేటుకే పలుపు చేతికిచ్చి వచ్చాడు. తువ్వాల కూడా తీయలేదట.

ఇప్పుడు చేస్తున్న ప్రాజెక్టు మార్చి దాకా ఉంది. అంటే మేత ఉన్నట్టే. అలాగని మొత్తం పెంచమని పట్టుబట్టను, అంత లేదు. వేరియబుల్‌లో సగం ఫిక్స్‌డ్‌లోకి మార్చమని, ఇంటి నుంచే పని అన్నది ఆఫర్ లెటర్లో రాసివ్వమని అడుగుతా. రేపు బెంగళూరు రమ్మంటే అద్దె కట్టాల్సింది కూడా ఈ 62 వేలల్లోంచే గదా.

మెయిల్ రాసి డ్రాఫ్ట్‌లో పెట్టా. మర్యాద కోసమని మూడు 'కైండ్లీ'లు పడ్డాయి. రెండు తీసేసి పొద్దున పంపుతా.