డబ్బు కట్ అయింది, ఆర్డర్ రాలేదు

బెజవాడ బీసెంట్ రోడ్డులో ఒక బట్టల కొట్టు యాప్ అనుకోండి. 850 రూపాయల చీర. యూపీఐలో డబ్బు కట్ అయింది, యాప్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. చివరికి "ఫెయిల్డ్, మళ్లీ ప్రయత్నించండి" అంది. జనం మళ్లీ నొక్కుతారు, 1,700 పోతాయి. ఆపైన ఆ యాప్ ఫోన్‌లో ఉండదు.

టైమవుట్, అంటే అనుకున్న టైములో జవాబు రాకపోవడం, ఫెయిల్ కాదు, ఇంకా తేలలేదని. ఆర్డర్ నంబరు పేమెంట్‌కి ముందే పుట్టాలి. మళ్లీ నొక్కితే కొత్త పేమెంట్ తెరవకుండా, అదే నంబరు మీద పాతదాని సంగతి చూడాలి. స్టేటస్‌ని 2, 4, 8 సెకన్లు, అలా ఎడం పెంచుతూ పేమెంట్ సంస్థను అడగాలి. యాప్ మూసేసినా ఈ పని సర్వర్ చేస్తూనే ఉండాలి. యాప్ తయారుచేసేవాళ్లలో చాలామంది వదిలేసేది ఇదే.

తెర మీద "డబ్బు కట్ అయితే మళ్లీ కట్టకండి, తేలగానే మెసేజ్ పంపుతాం" అని ఆర్డర్ నంబరుతో చూపిస్తే చాలు. కార్టు మాత్రం ఖాళీ చేయకండి, మహాపాపం!

రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధన ప్రకారం, కొట్టుకి ఖరారు అందని యూపీఐ సొమ్ము లావాదేవీ రోజు తర్వాత 5 రోజుల్లోగా వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం. ఆ గడువు తేదీ కూడా తెర మీద ఆ మాట పక్కనే రాయండి. లేకపోతే చీర పక్క కొట్లో కొనేస్తారు, ఆ నష్టం మీ రిఫండ్ల లెక్కలో కనపడదు.