డబ్బా దొరికాక రాసే నాలుగు ముక్కలు

ఫిబ్రవరి

సియాటిల్ చుట్టుపక్కల ఈ నెలంతా వానే. జీపీఎస్ పట్టుకుని ఎవరో దాచిన డబ్బాలు వెతికే జియోక్యాషింగ్ ఆట ఆడేవాళ్లను వాన ఆపలేదు గానీ, దాచిన డబ్బాలోని కాగితాన్ని మాత్రం బతకనివ్వదు. సమామిష్ నది పక్కన కాలిబాట వెంట వెళ్లినప్పుడు దొరికిన డబ్బాల్లో సగానికి సగం కాగితాలు మెత్తబడి ఉన్నాయి. ఇంటికి వచ్చి ఆ డబ్బాల పాత లాగ్‌లు, అంటే వెతికినవారు ఆన్‌లైన్‌లో రాసే నాలుగు ముక్కలు, తిరగేస్తే తడి గురించి ఒక్కరూ రాయలేదు. అందరూ ‘టీఎఫ్‌టీసీ’ అని నాలుగు అక్షరాలు కొట్టి వెళ్లిపోయారు. దాచినందుకు థాంక్స్ అని దాని అర్థం. పెళ్లికి వెళ్లి చదివింపుల పుస్తకంలో పేరు రాయించుకుని, వధూవరులను పలకరించకుండానే బండెక్కినట్టు ఉంటుంది ఈ పద్ధతి.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఆట సంగతి కొంచెం చెబుతాను. సామాన్యులకు అందే జీపీఎస్ సంకేతాలను కావాలని చెడగొట్టే పద్ధతిని అమెరికా ప్రభుత్వం 2000 మే 2న ఆపేసింది. అంతవరకు వంద మీటర్లు అటూ ఇటూ చూపించిన చేతి పరికరం ఒక్కసారిగా పది, పదిహేను మీటర్ల దగ్గరికి వచ్చింది. మర్నాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలో బీవర్‌క్రీక్ దగ్గర ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. బకెట్‌లో ఒక నోటుపుస్తకం, పెన్సిలు ఉంచాడు. అదే ఏడాది సెప్టెంబరులో జెరెమీ ఐరిష్ ఈ ఆటకు వెబ్‌సైట్ మొదలుపెట్టేనాటికి ప్రపంచం మొత్తం మీద ఇలాంటివి 75. ఇప్పుడు 30 లక్షలకు పైనే. పద్ధతి మాత్రం మారలేదు. డబ్బాలో ఉన్న కాగితం మీద పేరు రాయాలి, తర్వాత ఆన్‌లైన్‌లో లాగ్ రాయాలి. కాగితం మీద పేరు లేకపోతే దాచినవారు ఆన్‌లైన్ లాగ్‌ను తీసేయవచ్చు, తప్పు పట్టడానికి లేదు.

ఈ ఏడాది నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఏ డబ్బాకు రాసిన లాగ్ ఆ డబ్బాకే సరిపోవాలి, ఇంకోదాని కింద అతికిస్తే నప్పకూడదు.

మార్చి

నియమం పెట్టుకోవడం తేలిక, సాయంత్రానికి గుర్తుండటం కష్టం. వరసగా అరడజను డబ్బాలు చూశాక దేనిలో ఏముందో కలగాపులగం అయిపోతుంది. అందుకని ఇప్పుడు డబ్బా దగ్గరే ఫోను యాప్‌లో ‘డ్రాఫ్ట్’ భద్రపరుస్తున్నాను. మూడే విషయాలు: మూత ఎలా ఉంది, కాగితం ఎలా ఉంది, ఇంకా ఎంత ఖాళీ ఉంది. అసలు లాగ్ రాత్రి భోజనాలయ్యాక కంప్యూటర్ ముందు కూర్చుని రాస్తాను. చలిలో వేళ్లు కొంకర్లు పోతూ ఫోను మీద కొట్టిన లాగ్‌కు ‘టీఎఫ్‌టీసీ’ని మించిన ఆయుష్షు ఉండదు.

ఒకే మనిషి ఒక బాట పొడవునా పదుల కొద్దీ దాచిన వరసలు కొన్ని ఉంటాయి. వాటన్నిటికీ వేరువేరు కథలు అల్లమంటే ఎవరివల్లా కాదు. ఆ రోజు నడక గురించి ఒక పేరా అన్నిటికీ ఉమ్మడిగా పెట్టి, దాని పైన ఆ డబ్బాకు సంబంధించిన వాక్యం ఒకటి రాస్తే సరిపోతుంది. ఆ ఒక్క వాక్యం పైనే ఉండాలి. లాగ్‌లన్నీ దాచినవారికి మెయిల్‌లో వెళ్తాయి. పాతిక మెయిళ్లలో ఒకే పేరా మొదట కనబడితే రెండోదాని నుంచి ఎవరూ తెరవరు.

ఏప్రిల్

దొరకనప్పుడు రాసే లాగ్ గురించి ఎంత చెప్పినా తక్కువే. దాన్ని ఆటగాళ్లు డీఎన్ఎఫ్ అంటారు. చాలామందికి అది రాయడం నామోషీ. వెతికి వెతికి ఉత్త చేతులతో వచ్చి, ఏమీ జరగనట్టు ఊరుకుంటారు. నా లెక్కలో మాత్రం, దొరికిన లాగ్‌ల కంటే దాచినవారికి ఎక్కువ పనికొచ్చేది ఇదే.

కానీ ‘దొరకలేదు’ అని ఒక్క మాట రాస్తే అదీ వృథాయే. ఈ నెల నేను రాసినవాటిలో రెండింటి తెలుగు సారాంశం ఇది.

మొదటిది: ‘పది నిమిషాలే వెతికాను. పక్క బెంచీ మీద ఇద్దరు కూర్చుని నన్నే చూస్తున్నారు. మళ్లీ వస్తాను.’ ఇది చదివిన దాచినాయన ఇల్లు కదలనక్కర్లేదు. డబ్బా పోయిందని కాదు, నేను సరిగా వెతకలేదని దాని అర్థం.

రెండోది: ‘ఇద్దరం ముప్పావు గంట వెతికాం. సూచనలో చెప్పిన వస్తువు కళ్లెదుటే ఉంది, దాని చుట్టూ తడిమాం. కొత్తగా చెట్టు కొమ్మలు నరికిన గుర్తులు ఉన్నాయి.’ ఇది చదివితే ఆయన ఆ వారమే వెళ్లి చూసుకుంటాడు. నిజంగానే వెళ్లాడు, కొమ్మతో పాటు డబ్బా కూడా పోయింది.

అంకెలు కూడా చూడాలి. డబ్బాలకు కష్టం (వెతకడం ఎంత కష్టమో), నేల (అక్కడికి చేరడం ఎంత కష్టమో) అని రెండు కొలతలు ఉంటాయి, ఒకటి నుంచి అయిదు దాకా, అర అర చొప్పున. కష్టం 1.5 ఉన్నదానికి వరసగా మూడు డీఎన్ఎఫ్‌లు వచ్చాయంటే డబ్బా గల్లంతయిందనే అనుమానించాలి. అదే 4 ఉన్నదానికైతే మూడేమిటి, ఆరు వచ్చినా కంగారు పడనక్కర్లేదు, దాచినాయన మీసాల చాటున నవ్వుకుంటూ ఉంటాడు.

ఇక్కడే ఇంకో దురలవాటు. దొరకకపోతే జేబులోంచి కొత్త డబ్బా తీసి అక్కడ పెట్టి, దాని మీదే పేరు రాసుకుని ‘దొరికింది’ అని లాగ్ వేసేవారున్నారు. సాయం చేశామనుకుంటారు. తరచుగా పాతది అక్కడే, అడుగు దూరంలో ఉంటుంది. ఇప్పుడు ఒకే చోట రెండు డబ్బాలు, తర్వాత వచ్చినవారికి ఏది అసలుదో తెలియదు. దాచినవారు అడిగితే తప్ప ఆ పని చేయకూడదు.

మే చివర

ఇన్నాళ్లూ వెతకడమే. ఈసారి స్థల యజమానుల అనుమతి తీసుకుని, నేనూ ఒకటి దాచాను. దగ్గర్లోని మరో డబ్బాకు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలన్న నియమం వల్ల మొదట అనుకున్న చోటు కుదరలేదు, బాట అవతలికి మార్చాను. మందపాటి ప్లాస్టిక్ గొట్టం, మర బిగించే మూత, లోపల రబ్బరు వాషరు. కాగితం ‘రైట్ ఇన్ ద రెయిన్’ వారిది, మన పొరుగూరు టకోమాలోనే తయారవుతుంది. తడిలో కూడా దాని మీద పెన్సిలుతో రాసుకోవచ్చు. జెల్ పెన్ను మాత్రం నిలవదు. చీటీని సన్నగా కత్తిరించి, చుట్టగా చుట్టి, చిన్న రబ్బరు బ్యాండు వేశాను.

మెయిల్‌లు రావడం మొదలయ్యాక లాగ్‌ల మీద నా అభిప్రాయాలు ఇంకా గట్టిపడ్డాయి. మొదటి వారంలో వచ్చినవాటిలో నాకు అక్కరకొచ్చింది ఒక్కటే: ‘మూత బిగించేటప్పుడు వాషరు మడత పడుతోంది, చూసి పెట్టాను.’ ఆ వాక్యం రాయకపోతే వానాకాలం వచ్చేదాకా నాకు తెలిసేది కాదు. ఒకావిడ తన మనవడితో వచ్చిన సంగతి అర పేజీ రాశారు, డబ్బా గురించి ఒక్క ముక్క లేదు. అయినా ఆ లాగ్ రెండుసార్లు చదువుకున్నాను. పొడవుగా రాయాలని నియమమేమీ లేదు. వచ్చిన మనిషి ఎవరో, ఆ పూట ఎలా గడిచిందో కాస్త తెలిస్తే దాచినవాడికి అంతకంటే కూలి ఏముంటుంది?

ఇక అసలు చిక్కు. లాగ్‌ను దాచినవారూ చదువుతారు, రేపు వెతకబోయేవారూ చదువుతారు. ఒకరికి అంతా చెప్పాలి, ఇంకొకరికి ఏమీ చెప్పకూడదు. వంతెన దూలానికి అయస్కాంతంతో అంటించిన డబ్బా ఊడిపోతోందనుకోండి. ‘వంతెన కింద ఎడమ దూలం మీద అయస్కాంతం ఊడుతోంది’ అని రాస్తే మరమ్మతు జరుగుతుంది, ఆట చచ్చిపోతుంది. నేనైతే లాగ్‌లో ‘డబ్బా ఉండవలసిన చోట కుదురుగా నిలబడటం లేదు, ఉన్నంతలో సర్దాను, వివరాలు విడిగా పంపుతున్నాను’ అని రాసి, ఎడమ దూలం సంగతి దాచినవారికి సందేశంలో చెబుతాను. మూత పగలడం, కాగితం తడవడం లాంటివి చోటును పట్టివ్వవు కాబట్టి అందరికీ కనబడేలాగే రాయవచ్చు. మరమ్మతు అవసరమని తెలిపే విడి లాగ్ రకం ఒకటి ఉంది. కాగితం కొంచెం చెమ్మగా ఉందని దాన్ని వాడితే అతి. మూత లేదు, కాగితం ముద్దయింది, చీటీ పూర్తిగా నిండింది అన్నప్పుడు మొహమాటపడకుండా వాడాలి. కొందరికి అది ఫిర్యాదులా అనిపిస్తుంది. దాచినవాడిగా చెబుతున్నాను, నాకు అనిపించలేదు.

ఫొటోలదీ ఇదే గొడవ. మా పెద్దమ్మాయి నా లాగ్‌లకు సెన్సారు అధికారి. మొన్న పంపబోయిన ఫొటో చూసి, “నాన్నా, డబ్బా కనబడటం లేదు కానీ నీ మోచేయి ఏ రాయి మీద ఉందో కనబడుతోంది కదా” అంది. ఆ ఫొటో తీసేసి నది ఫొటో పెట్టాను. ఇప్పుడు రివాజు ఏమిటంటే, డబ్బాకు వీపు తిప్పి, అక్కడి నుంచి కనబడే దృశ్యాన్నే తీయడం.

జూలై

సియాటిల్‌కు తూర్పున కొండల్లో ఉన్న హయాక్ దగ్గర బండి ఆపి, స్నోక్వాల్మీ సొరంగం దాటి, అవతల ఉన్న ‘మిషన్ 9: టన్నెల్ ఆఫ్ లైట్’కు వెళ్లి వచ్చాం. 2001లో ఒక హాలీవుడ్ సినిమా ప్రచారం కోసం దాచిన డబ్బాల వరసలో ఇదొకటి. దేశదేశాల నుంచి వస్తారు. సొరంగం ఒకప్పుడు రైళ్లు నడిచినది, సుమారు 3.7 కిలోమీటర్లు. నడి వేసవిలో కూడా లోపల చలి కోటు విప్పబుద్ధి కాదు. మనిషికొక లైటు, అదనపు బ్యాటరీలు తప్పనిసరి. చలికాలంలో తలుపులు మూసేస్తారు, తేదీలు చూసుకుని బయలుదేరాలి.

అక్కడ ట్రాకబుల్స్ ఎక్కువ, అంటే సంకేత సంఖ్య చెక్కిన బిళ్లలు, ఒక డబ్బా నుంచి ఇంకో డబ్బాకు ప్రయాణించేవి. త్వరలో ఇంకో చోట దింపగలిగితేనే తీసుకోవాలి, తీసిన రోజే ఆన్‌లైన్‌లో ‘తీసుకున్నాను’ అని నమోదు చేయాలి. ఆ సంఖ్యను లాగ్‌లో గానీ ఫొటోలో గానీ బయటపెట్టకూడదు. అది చూసినవారెవరైనా, బిళ్లను కంటితో చూడకుండానే చూశామని రాసేయగలరు. ఒకటి తీసుకున్నాం. మర్నాడు రెడ్మండ్‌లో దింపేశాం.

ఆగస్టు

రెయినియర్ పర్వతం వైపు. జాతీయ ఉద్యానవనాల్లో మామూలుగా డబ్బాలు దాచనివ్వరు, అక్కడ ఎక్కువగా ఎర్త్‌క్యాష్‌లే గతి. డబ్బా ఉండదు, చోటుకు వెళ్లి రాళ్లనూ మంచునూ చూసి భూగర్భ శాస్త్రం ప్రశ్నలకు జవాబులు చెప్పాలి. జవాబులు సందేశంగా పంపాలి, లాగ్‌లో రాయకూడదు. పంపాక ఆమోదం కోసం ఎదురుచూడనక్కర్లేదు, లాగ్ వేసుకోవచ్చు. లాగ్‌లో ఆ రోజు దారి ఎలా ఉంది, పార్కింగ్ ఎప్పటికి నిండింది అన్నవి రాశాను.

సభ్యత్వ రుసుము కట్టేవారికి దొరికిన పది డబ్బాలకు ఒకటి చొప్పున, నచ్చిన డబ్బాకు ఇవ్వడానికి ‘ఫేవరెట్’ పాయింటు వస్తుంది. ఇస్తే ఎందుకు ఇస్తున్నామో లాగ్‌లో ఒక వాక్యం రాయాలన్నది నా పట్టుదల. రాయని పాయింటు ఎందుకు ఇచ్చారో దాచినవారికి అంతుపట్టదు.

డిసెంబరు

సెలవులకు హైదరాబాద్ వచ్చాం. ఇక్కడ డబ్బాలు సియాటిల్‌తో పోలిస్తే బాగా తక్కువ, ఒక లాగ్‌కూ తర్వాతి లాగ్‌కూ నెలల ఎడం ఉంటుంది. అలాంటి చోట ‘టీఎఫ్‌టీసీ’ రాసి ఊరుకోవడం మరీ అన్యాయం. నా తర్వాత ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదు, దాచినవారికి నేను రాసిందే ఆధారం. ఆటోను ఎక్కడ ఆపించుకోవాలో, ఏ వేళకు జనం పలచబడతారో, కాపలా మనిషి ఏమని అడిగాడో కూడా రాశాను. తేదీ విషయంలో ఒక జాగ్రత్త. సియాటిల్‌కూ మనకూ ఈ కాలంలో పదమూడున్నర గంటల తేడా. ఫోనులో గానీ ఖాతాలో గానీ అక్కడి సమయమే ఉండిపోతే ఉదయం దొరికింది నిన్నటి తేదీతో నమోదవుతుంది. పంపే ముందు సరిచూసుకోవాలి.

చీటీ రెండు వైపులా నిండిపోయి ఉంది. అంచున సందు చూసి పేరు ఇరికించాను. నా సంచిలో టకోమా కాగితం ముక్కలు ఉన్నాయి. అయినా అడగకుండా పెట్టదలచుకోలేదు, దాచినవారికి అక్కడి నుంచే సందేశం పంపాను. టీ తాగేలోగా జవాబు వచ్చింది. కొత్త చీటీ పెట్టండి, డబ్బా మార్చవద్దు, పాత చీటీ పారేయకుండా రెండు వైపులా ఫొటో తీసి పంపండి అన్నారు. పంపాను. పాత చీటీని కూడా మడిచి కొత్తదాని కిందే ఉంచమన్నారు.